గొట్టాల గది

మా ఆఫీసు సెల్లార్లో ఉన్న కోల్డ్ రూమ్‌కి ముందునుంచీ చెడ్డపేరే. రాత్రిపూట లోపల ఎవరో నిట్టూరుస్తారట... ఒంటరిగా వెళ్తే వెనక తలుపు దానంతటదే మూసుకుపోతుందట.

"పనిలేని మాటలు!" అని క్యాంటీన్లో అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

పాతకాలపు రేవులెక్కడుండేవో వెతకడం నా ఉద్యోగం. నేలలోకి పొడవాటి గొట్టాలు దింపి, పొరలు చెదరకుండా మట్టిని పైకి తీస్తాం. కోసి చూసేదాకా ఆ గొట్టాల్ని కోల్డ్ రూమ్‌లోనే ఉంచుతాం. అలలు కొట్టిన చోటైతే ఇసుక వస్తుంది. గోడ కట్టి నీళ్లు కదలకుండా ఆపిన చోట, అంటే రేవులో, మెత్తటి నల్లబురద వస్తుంది. ఈసారి తీరం దగ్గరి పొలాల కింద రేవు ఉందని అందరిముందూ డప్పు కొట్టుకున్నాను. కోసి చూసిన గొట్టాలన్నిట్లో ఇసుకే! ఇక ఒక్కటే మిగిలింది. మర్నాడు దాంట్లోనూ ఇసుకే వస్తే పని ఆపేయిస్తానని మా డైరెక్టరమ్మ తేల్చి చెప్పింది. నా పరువంతా ఆ గొట్టంలోనే ఉంది.

సాయంత్రం దాన్ని చూడ్డానికి ఒక్కణ్నే వెళ్లాను. తలుపు మూసుకుపోతుందేమోనని — నవ్వకండి — ఇటుక అడ్డం పెట్టాను. వచ్చేటప్పుడు తియ్యడం మరిచిపోయాను.

రాత్రి నిద్రపట్టక మళ్లీ వెళ్లాను. తలుపు తెరిచే ఉంది...

చీకట్లో స్విచ్ కోసం గోడ తడుముతున్నాను. ఠప్! ఏదో వచ్చి మోకాలికి తగిలింది. వెంటనే పొడుగాటి నిట్టూర్పు... కుళ్లిన గుడ్ల కంపు...

గుర్తున్న దేవుళ్లందరికీ ఒకేసారి మొక్కాను.

ఎలాగో లైటు వెలిగింది. ఆఖరి గొట్టం మూత నా కాళ్ల దగ్గర పడి ఉంది. గొట్టం నోట్లోంచి నల్లటి నాలుక... మెల్లగా బయటికి వస్తోంది.

అరవబోయి ఆగాను. నా ఇటుక పుణ్యమా అని గది వెచ్చబడింది. మట్టిలోని గ్యాసు పొంగి మూతని తన్నేసింది. ఇసుకలో అంత గ్యాసు నిలవదే! అంటే...

మా వృత్తిలో ఓ పాడు అలవాటుంది. మట్టి మెత్తదనం తేల్చడానికి పళ్లతో కొరికి చూస్తాం. ఆ నాలుక కొస తుంచి నోట్లో వేసుకున్నాను. ఒక్క ఇసుక రేణువైనా తగల్లేదు. వెన్న! రేవు దొరికింది! పిచ్చివాడిలా నవ్వాను. ఏడుపూ వచ్చింది.

వెనక ఏదో దబ్బున పడింది. గుమ్మంలో వాచ్‌మన్, కింద అతని టార్చిలైటు.

"బాబాయ్... నేనే..." అన్నాను, నల్లటి పళ్లతో.

అప్పటికే అతను మెట్లు ఎక్కేస్తున్నాడు.

పని ఆగలేదు, పరువూ దక్కింది. కానీ కొత్తగా చేరినవాళ్లకి బాబాయ్ ఇప్పటికీ గొంతు తగ్గించి చెబుతుంటాడు.

"నిట్టూర్పులేంటి, నేను కళ్లారా చూశాను... నోరంతా నలుపు, ఒకటే నవ్వు. పైగా... అచ్చం మన సారు గొంతే!"