అధ్యక్షురాలి తరఫున

పొద్దున ఆరున్నరకే భారతమ్మ పాలకూర కుప్ప ముందేసుకుని వాకిట్లో కట్టలు కడుతోంది. తొండుపల్లిలో ఆ ఇంటికి అది రోజూ ఉండే పనే. పైన విమానం పోతుంటే మాట ఆపడం, అది పోయాక మళ్లీ అందుకోవడం కూడా రోజూ ఉండేదే. ఆ రోజు కొత్తగా ఉన్నదల్లా ఆమె భర్త మల్లేశ్వర్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, అద్దం ముందు గొంతు సవరించుకోవడం.

"ఏందయ్యా, పెండ్లిచూపులకు పోతున్నవా?"

"ఎయిర్‌పోర్ట్ పక్క హోటల్ల మీటింగున్నది. ఫారినోళ్లొచ్చిన్రు. కోల్డ్ స్టోరేజీ గురించి మాట్లాడాలె."

ఆ కోల్డ్ స్టోరేజీని ఊరి ఆడవాళ్ల ఆకుకూరల సంఘానికి ఒక విదేశీ ప్రభుత్వం సాయంగా కట్టించింది. సంఘం అధ్యక్షురాలు భారతమ్మ. మన ఊళ్లలో అధ్యక్షురాలంటే ఎట్లా ఉంటుందో మీకు తెలియంది కాదు. కాగితంలో పేరు ఆమెది, పక్కన ఫోన్ నంబరు ఆయనది. ఫోన్ వస్తే మాట్లాడేది ఆయన, మీటింగులో కుర్చీలో కూర్చునేదీ ఆయనే. మల్లేశ్వర్ చెడ్డవాడేం కాదు, పాపం. ఇందులో తప్పుందని ఆయనకు ఏనాడూ తోచలేదు, అంతే.

"మంజులా, గా హోటల్ ఏడున్నదో జర చూసిపెట్టు బిడ్డా" అంటూ ఫోన్ కోడలి చేతికిచ్చాడు. చేసిన తెలివితక్కువ పని అదొక్కటే.

అడ్రసు కోసం మెసేజ్ తెరిచిన మంజుల ముఖం మారిపోయింది.

"మామా, గీ పిలుపు మీకు కాదు. అత్తమ్మకొచ్చింది."

"ఏదో ఒకటి. ఇద్దరికీ ఒక్కటే గదా."

మంజుల ఆగకుండా పైకి చదివేసింది. "శ్రీమతి భారతమ్మగారికి. ఇతర దేశాల్లో మేమిచ్చే సాయానికి నిబంధనలు తిరగరాస్తున్నాం. మహిళలకు ఆ సాయం నిజంగా అందాలంటే ఏం మార్చాలో మీ నోటితోనే వినాలని ఉంది." కింద మల్లేశ్వర్ పంపిన జవాబు కూడా చదివింది. "ఆమెకు ఆరోగ్యం బాగలేదు. నేను వస్తాను."

భారతమ్మ చేతిలోని కట్ట జారిపోయింది.

"నాకేం రోగమొచ్చిందయ్యా?"

"నిన్ను నలుగుర్ల నవ్వులపాలు చేయొద్దనే రాసిన. ఐదు చదివినవు. ఇంగ్లీషుల అడిగితే ఏం జెప్తవు?"

"ఇంటర్ తప్పినోనివి, నువ్వేం జెప్తవు?"

మంజుల నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. భారతమ్మకు మాత్రం నవ్వు రాలేదు. కళ్లనిండా నీళ్లు వచ్చాయి.

"రెండేండ్ల సంది నా కుర్చీల కూసున్నవు. పోనీ అనుకున్న. గని ఇయ్యాల చెట్టంత మనిషిని మంచంల పడేసినవు. సరే, పోయి ఏమడుగుతవో జెప్పు."

"ఇంకో కోల్డ్ స్టోరేజీ అడుగుత."

"మరి ఈరమ్మ సంగతి?"

భూమి పాసుబుక్కు ఉంటేనే సంఘంలో సభ్యత్వం అని సాయం కాగితంలో నిబంధన. ఊళ్లో ఆకుకూర పండించే ఆడవాళ్లు అరవై మందైతే, తమ పేర పాసుబుక్కున్నవాళ్లు పన్నెండు మందే. కౌలుకు చేసే ఈరమ్మ లాంటివాళ్ల కూర కోల్డ్ స్టోరేజీ గడప తొక్కదు.

"గా రూలు మార్చమని అడగాలె. నీకు యాదికి లేదు. గందుకే నేనొస్తున్న" అని భారతమ్మ చేతులు కడుక్కుని, కట్టుకున్న చీరతోనే బయల్దేరింది. ఇద్దరూ ఒకే ఆటో ఎక్కారు.

హోటల్ హాలు నిండా ఏ దేశాల వాళ్లో ఉన్నారు. రాజేంద్రనగర్ నుంచి వచ్చిన జెరూషా అనే అమ్మాయి తెలుగు మాటలు ఇంగ్లీషులోకి, ఇంగ్లీషు మాటలు తెలుగులోకి మార్చి చెబుతోంది. "అధ్యక్షురాలి తరఫున మల్లేశ్వర్‌గారు" అని పిలవగానే ఆయన అలవాటు కొద్దీ మైకు దగ్గరికి నడిచాడు. భారతమ్మ తలుపు దగ్గరే నిలబడిపోయింది.

ముందు వరుసలోని తెల్లజుట్టు విదేశీ ఆవిడ ఏదో అడిగింది. జెరూషా తెలుగులో చెప్పింది.

"భారతమ్మగారికి ఇప్పుడెలా ఉందని అడుగుతున్నారు. చాలా బాధపడుతున్నారు."

ఆ అడగడంలో వంకర లేదు. ఎక్కడో పుట్టిన ఆ మనిషి ముఖంలో నిజమైన దిగులుంది. మల్లేశ్వర్ తల ఎత్తి తలుపు వైపు చూశాడు.

"ఆమెకేం కాలేదు మేడం. నేనే అబద్ధం రాసిన. అగో, గామెనే భారతమ్మ."

భారతమ్మ ముందుకొచ్చి మైకు అందుకుంది.

"మీరు ఆడోళ్లకిచ్చినమనుకుంటున్నరు. భూమున్నోళ్లకిచ్చిన్రు. మా దిక్కు భూమి మొగోళ్ల పేరు మీదనే ఉంటది. మా అమ్మ పసుపుకుంకుమల కింద పది గుంటల భూమిచ్చింది కాబట్టి నేను గీడ నిలబడ్డ. ఈరమ్మ ముప్పై ఏండ్ల సంది కూర పండిస్తుంది. నా కూర చల్లగుంటది, ఆమెది ఎండల వాడిపోతది. 'భూమి ఉన్నోళ్లు' అని రాయకుండ్రి. 'పండించేటోళ్లు' అని రాయుండ్రి. ఇంకోటి, ఆమెను పిలిస్తే మొగుడు జవాబిచ్చిండనుకో, ఇంటికొచ్చి చూడుండ్రి."

జెరూషా ఇంగ్లీషులో చెప్పడం పూర్తయ్యాక హాలు ఒక్కసారిగా నవ్వింది. పెద్ద స్క్రీన్ మీద నిబంధనల కాగితం కనిపించింది. ఎవరో పాత మాటలు చెరిపేసి కొత్తవి రాస్తున్నారు.

"మీ మాటే రాస్తున్నారమ్మా" అంది జెరూషా. "రెండేళ్లుగా ఈ ఒక్క వాక్యం దగ్గరే వాదించుకుంటున్నారట. వాళ్ల ప్రభుత్వం ఒప్పుకుంటే ఇది తొమ్మిది దేశాలకు పోతుంది."

మల్లేశ్వర్‌కు అప్పుడు తెలిసొచ్చింది. పేరు కూడా పలకరాని దేశంలో, ముఖం కూడా తెలియని మరో ఈరమ్మ కోసం తన భార్య ఇక్కడ నిలబడి మాట్లాడింది. ఇన్నేళ్లూ తన పక్కన అన్నం తిని, పాలకూర కట్టలు కట్టిన మనిషేనా ఈమె అని గుడ్లప్పగించి చూశాడు. హాల్లోని వాళ్లంతా లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. తానూ చప్పట్లు కొడుతున్న సంగతి ఆయనకే తెలియలేదు.

బయటికొచ్చాక ఆయన కండువాతో కళ్లు తుడుచుకుంటుంటే భారతమ్మ ఆగింది.

"ఎందుకేడుస్తున్నవయ్యా?"

"ముప్పై ఏండ్లాయె మన పెండ్లయి. నువ్వు గిట్ల మాట్లాడుతవని నాకు తెల్వదే."

"నేను రోజూ మాట్లాడిన. నువ్వే ఇనలే."

ఆ మాటలో కోపం లేదు. అందుకే ఆయనకు మరీ లోతుగా తగిలింది.

"పా, ముందుగాల ఈరమ్మింటికి పోదం" అందామె. "నువ్వే జెప్పు. నేనైతే ఏడుస్త."

"ఏడ్చినా సరే, నువ్వే జెప్పాలె" అన్నాడు మల్లేశ్వర్. "నేను పక్కన నిలబడి నీ మాట ఇంట."