వంట మాస్టారి గురువారం

మైసూర్‌పాకు ముక్కని ఒక్కసారి చూసి, గోపాలకృష్ణ పళ్ళెం మెల్లగా పక్కకి జరిపాడు.

ఎదురుగా చాప మీద కూర్చున్న కామేశ్వరి అది చూడనే చూసింది. పెళ్ళిచూపుల్లో తల ఎత్తకూడదన్నారు గానీ, కళ్ళు ఎత్తకూడదని ఎవరూ అనలేదు.

పిల్లాడు నచ్చాడు. చాలా నచ్చాడు. ఆ పళ్ళెం జరపడమే కలుక్కుమనిపించింది.

గోపాలకృష్ణ బెజవాడలో పెద్ద హోటల్లో వంట మాస్టరు. ఆ మాట వినగానే కామేశ్వరి తల్లి సీతారావమ్మకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. "అంతటి మాస్టరుకి నా చేతి వంటా?" అని భర్త పున్నయ్యని తరిమింది. ఆయన తమ ఊరు ముసునూరులో బస్సెక్కి బెజవాడ వెళ్ళి, పేరున్న హోటలేదో కనుక్కుని, మైసూర్‌పాకూ కారప్పూసా కట్టించుకొచ్చాడు.

మామిడి కాపు గురించి మాట్లాడుకుంటూ పెద్దవాళ్ళు అరుగు మీదకి వెళ్ళారు. బయట చిన్న తుంపర మొదలైంది.

"మా ఇంటి తిండి మీ కంటికి ఆనలేదేమో," అంది కామేశ్వరి.

"ఇది మీ ఇంటిది కాదండీ. నిన్న సాయంత్రం నేనే చేశాను."

కామేశ్వరి పళ్ళెం వైపు చూసింది.

"కాస్త మాడింది చూడండి. రేపు చూడబోయే అమ్మాయి ఎలా ఉంటుందోనని ఆలోచిస్తూ అడుగంటించాను."

ఆమెకి నవ్వొచ్చింది. పైటకొంగు అడ్డం పెట్టుకుంది. "మరి సెలవు రోజు ఏం వండుకుంటారు?"

"గురువారం పొయ్యి ముట్టించనండి. బయట తిందామని ఏ హోటలుకెళ్ళినా అక్కడి మాస్టరు వచ్చి ఎదురుగా నిలబడతాడు. ఉప్పు సరిపోయిందా, పోపు ఎలా ఉంది అని. ఇక ముద్ద దిగదు. తెలిసినవాళ్ళేమో భయపడి నన్ను భోజనానికే పిలవరు. అరటిపండు తిని పడుకుంటాను."

అంతమందికి వండే మనిషికి అన్నం పెట్టేవాళ్ళు లేరా అని కామేశ్వరికి జాలేసింది.

అంతలో వంటింట్లోంచి మామిడికాయ పప్పు పోపు ఘుమఘుమలాడింది. ఇంట్లోవాళ్ళ కోసం సీతారావమ్మ చేసుకున్నది.

పెద్దవాళ్ళు లోపలికి రాగానే గోపాలకృష్ణ అన్నాడు, "మామయ్యా, నేనిక్కడ అన్నం తింటాను."

మేనమామ అప్పారావు గతుక్కుమన్నాడు. "ఒరేయ్, సంబంధం ఖాయం కాకుండా పిల్ల ఇంట్లో భోజనం చెయ్యకూడదురా. తిన్నావంటే ఒప్పుకున్నట్టే."

"తెలుసు మామయ్యా. అందుకే అడుగుతున్నాను. అమ్మాయిగారు పెడితేనే."

అందరూ కామేశ్వరి వైపు తిరిగారు. ఆమె లేచి, కత్తి తీసుకుని, తుంపరలోనే పెరట్లోకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి జుట్టంతా తడిసింది. చేతిలో లేత అరిటాకు ఉంది.

ఆకు వేసి, తనే వడ్డించింది. గోపాలకృష్ణ తల ఎత్తకుండా తిన్నాడు. మారు వేయించుకున్నాడు.

గుమ్మంలో నిలబడ్డ సీతారావమ్మ ఇక ఉండబట్టలేకపోయింది. "బాబూ, పప్పులో ఉప్పు..."

కామేశ్వరి తల్లి చెయ్యి పట్టుకుంది.

"ఏమీ అడక్కమ్మా. ఇవాళ ఆయనకి సెలవు."