ఇద్దరికీ కనబడిన వెలుగు

అద్దంకి అవతల మిరప కళ్లాల్లో సార్జెంటు చెంచురామయ్య మీసం ఎరగనివాడు లేడు. ఆ మీసం దువ్వితే రాడార్ తెర మీద చుక్కలు సెల్యూట్ కొట్టేవి మరి! ఎయిర్‌ఫోర్సులో ఉన్నన్నాళ్లూ ఆయన పని ఒకటే. ఆకాశంలో వింత వెలుగు కనబడిందని ఎవరు కబురు పంపినా, వెళ్లి దాని గుట్టు విప్పడం. ఎగిరే పళ్లేలని జనం ఊళ్లు వదిలి పారిపోతుంటే, ఈయన కంచంలో అన్నం చల్లారేలోపు తేల్చేసేవాడు. ఒకచోట శుక్రుడు. ఒకచోట వాతావరణం వాళ్ల బెలూను. ఇంకోచోట పెళ్లివాళ్లు ఎగరేసిన కాగితం దీపం.

అలాంటి మనిషి పొలం మీదే వెలుగు తిరుగుతోందని కూలీలు రావడం మానేశారు! కళ్లం నిండా ఎర్రగా ఆరబోసిన కాయ. నెత్తిన మబ్బు. బస్తాలకెత్తకపోతే ఏడాది కష్టం వానపాలే.

"శుక్రుడయ్యా అది!" అన్నాడు సార్జెంటు, కూలీల మేస్త్రి మరియదాసుతో, పొద్దుగూకే వేళ.

"శుక్రుడు పడమటండి. ఇది తూర్పున, మోటారు షెడ్డు వైపండి."

"అయితే మందుకొట్టే డ్రోను."

"మరి చప్పుడేదండి?"

"మార్టూరు క్వారీ లైట్లు మబ్బుకి తగిలి..."

"మీరు చెబితే అంతేలెండి. మా ఆవిడ సంతోషకుమారి మాత్రం నేనిటు రాకూడదని చర్చిలో ప్రార్థన పెట్టించిందండి."

సార్జెంటు పకపకా నవ్వాడు. "ఒక్కడు చూస్తే తేలదయ్యా, ఇద్దరు చూడాలి. నువ్వు షెడ్డు దగ్గర నిలబడు, నేనిక్కడుంటా. ఫోన్లో దిక్కు చెప్పుకుందాం. ఇద్దరం ఒకే దిక్కు చూపిస్తే అది చుక్క, ఎక్కడో కోట్ల మైళ్ల అవతల ఉన్నట్టు. మన చూపులు రెండూ ఓచోట కలిశాయా, దొంగ అక్కడే ఉన్నట్టు!"

"కలిసే చూద్దామండి..."

"ఏమయ్యా, నీ మీసం ఉత్తుత్తిదా?"

మరియదాసు సిగ్గుపడి వెళ్లాడు.

చీకటి చిక్కబడింది. కాయ ఘాటు గొంతులో గరగరలాడుతోంది. కీచురాళ్లు అరుస్తూ అరుస్తూ ఒక్కసారిగా ఆగిపోయాయి. అప్పుడు వచ్చింది... పాలిపోయిన వెలుగు. గుండ్రంగా, చప్పుడు లేకుండా.

"దొరికింది! నీ నెత్తిమీదే ఉందయ్యా, తాటిచెట్టంత ఎత్తున!"



"కాదండి..." గొంతు బాగా తగ్గించాడు మరియదాసు. "మీ నెత్తిమీదండి."

చెంచురామయ్య తలెత్తాడు. నల్లటి మబ్బు. ఇంకేమీ లేదు.

"నువ్వు పైకి చూడవయ్యా!"

"చూశానండి. ఇక్కడేం లేదండి. మీ మీదకే... దిగుతోందండి."

దిగుతోంది. షెడ్డు మీదకి, మరియదాసు మీదకి. కళ్లారా చూస్తున్నాడు సార్జెంటు.

"పరిగెత్తు మరియదాసూ!"

"మీరు పరిగెత్తండి సార్జెంటు గారూ!"

ఇద్దరూ ఒకరికొకరు అరుచుకుంటున్నారు. సార్జెంటు కాళ్లు కాయల్లో కూరుకుపోయాయి. లాగినా రావు. వెలుగు మనిషంత ఎత్తుకి దిగింది... నేలకి తగిలింది... ఆరిపోయింది.

కాళ్లు వదిలాయి. పడుతూ లేస్తూ షెడ్డు దగ్గరికి చేరాడు. ఎవరూ లేరు. ఫోన్లో మాత్రం గొంతు.

"సార్జెంటు గారూ... కళ్లంలో లేరేంటండీ? ఎటు పోయారండీ?"

"నీ దగ్గరికే వచ్చానయ్యా! షెడ్డు ముందే ఉన్నా!"

"నేనూ షెడ్డు ముందే ఉన్నానండి... పలకండి... ఒక్కసారి పలకండి..."

అరిచాడు. గొంతు పగిలేలా అరిచాడు. అవతలికి చేరలేదు. ఏడుపు వినబడింది. ఫోన్ తెగిపోయింది.

గట్టు మీద టార్చి లైటు ఊగుతూ వచ్చింది. సంతోషకుమారి. చేతిలో ఫోను, జారిపోతున్న పైట.

"మా ఆయన ఇప్పుడే ఫోను చేశాడండి. మీరు కనబడట్లేదని ఏడుస్తున్నాడు. ఆయనేడండీ?"

ఎన్ని వెలుగుల గుట్టు విప్పిన నోరు! అలవాటైన మాటే వెతుక్కుంది. మరియదాసుని తానే కదా విడిగా నిలబెట్టింది.

"భయపడకమ్మా... దీనికీ ఏదో కారణం..."

ఆమె వినడంలేదు. ఆయన ముఖం కేసి కూడా చూడడంలేదు. చూపు మెల్లగా ఆయన తలపాగా దాటి పైకి వెళ్లింది.

"ఏంటమ్మా?"

తలెత్తాడు. నల్లటి మబ్బు. ఇంకేమీ లేదు.

తల దించేసరికి ఆమె టార్చి జారవిడిచి, ఒక్కో అడుగే వెనక్కి వేస్తోంది. టార్చి నేలన పడి ఆరిపోయింది. అయినా ఆమె కళ్లు కనబడుతున్నాయి.

రెండు కళ్లలోనూ తెల్లటి చుక్క... పెద్దదవుతోంది.