తాళం ఎక్కడమ్మా?

మా వీధిలో రాత్రి ఎనిమిది దాటాక యాభై ఎనిమిదో నంబరు ఇంటి ముందు నుంచి ఎవరూ నడవరు.

కొండ కింద మలుపులో ఉంటుంది ఆ ఇల్లు. పైకప్పు లేదు. గోడలు నల్లగా మసిబారి ఉంటాయి. ముందు కిటికీ తప్ప మిగతా కిటికీల కమ్ములు మాత్రం అలాగే ఉన్నాయి. డర్బన్‌లో ఇనుము కనబడితే తెల్లారేసరికి మాయం చేసే దొంగలున్నారు. వాళ్ళు కూడా ఆ కమ్ముల జోలికి పోలేదు.

గస్తీ తిరిగే మగవాళ్ళు ఆ మలుపు దాకా వచ్చి, టార్చి అటు వెయ్యకుండానే వెనక్కి తిరుగుతారు. గుమ్మం ముందు గడ్డి నడుం ఎత్తు పెరిగింది. ఖాళీ ఇళ్ళ ముందు గడ్డి వంతులవారీగా కొయ్యాలని మా సంఘం నియమం. ఆ ఇంటి వంతు వచ్చిన నెలలో ఎవరికి చూసినా నడుం నొప్పే.

అది సుబ్రమనీ అంకుల్ ఇల్లు. గడ్డి నియమం పెట్టింది కూడా ఆయనే.

బస్సు నడిపి రిటైరయ్యాడు. మా వీధి గస్తీ సంఘానికి పదకొండేళ్ళ పాటు ప్రెసిడెంటు. గోడ దీపం రాత్రంతా వెలగాలి. కొమ్మలు గోడ దాటకూడదు. ప్రతి కిటికీకీ కమ్ములు, ప్రతి తలుపుకీ మడత గేటు. అన్నిటికన్నా ముఖ్యం — తాళం చెవి బయటికి కనబడకూడదు. మా దగ్గర దొంగలు కిటికీలోంచి గేలం వేస్తారు. పొడుగాటి కర్రకి కొక్కెం కట్టి, బల్ల మీది తాళాలు లాగేసుకుని, గేటు తీసుకుని దర్జాగా లోపలికొస్తారు.

అంకుల్ దగ్గర కూడా ఒక గేలం ఉండేది. రాత్రి గస్తీలో మా కిటికీ కమ్ముల మీద టార్చితో కొట్టేవాడు — టక్... టక్... టక్...

"తాళం ఎక్కడమ్మా?"

కనబడిందా, లాగేసేవాడు. ఆదివారం మీటింగులో అందరి ముందూ తిరిగిచ్చేవాడు.

"వాసంతీ, ఇవి నీవే కదా? పక్కనే ఒక కప్పు టీ కూడా పెట్టాల్సింది, దొంగ తాగి పోయేవాడు."

మా పక్కింటి వాసీ ఆంటీ మాట పడే మనిషి కాదు. "ఇంతవరకూ వచ్చిన దొంగవి నువ్వొక్కడివే అన్నా. ఇంకోసారి నా కిటికీలో చెయ్యి పెట్టు, అట్లకాడ కాల్చి ఉంచుతా," అనేది.

నవ్వేవాళ్ళం. నవ్వి, ఇంటికెళ్ళి తాళాలు దాచుకునేవాళ్ళం.

మూడేళ్ళ కింద ఆయన ఇల్లు తగలబడింది. భార్య టోంగాట్‌లో చెల్లెలింటికి వెళ్ళింది. ఆయన ఒక్కడే. మేమంతా బయట, ఆయన లోపల... మధ్యలో కమ్ములు. "తాళం ఎక్కడ అన్నా! తాళం ఎక్కడ!" అని వాసీ ఆంటీ గొంతు పోయేలా అరిచింది. ఆయన వెతుకుతూనే ఉన్నాడు. దాచింది ఆయనే. ఎక్కడ దాచాడో గుర్తు రాలేదు.

ఫైరింజన్ వాళ్ళొచ్చి ముందు కిటికీ కమ్ములు కోసేసరికి అంతా అయిపోయింది.

ఆ ఏడాది చలికాలం నుంచి మొదలైంది.

కరెంటు కోత ఉన్న రాత్రుళ్ళు, వీధంతా చీకటిగా ఉన్నప్పుడు — ఎవరి కిటికీ మీదో టక్... టక్... ముందు టాక్సీ నడిపే డేవన్‌కి వినబడింది. తర్వాత నలభై నాలుగులో వాళ్ళకి. "తాళం ఎక్కడ?" అని అడుగుతుందట. చెప్పామా, ఆ తాళం మాయమవుతుందట, ఆ ఇల్లు కాలుతుందట. తెలిసిన మనిషి గొంతుతో కూడా పిలుస్తుందట. ఈ మాటలు మొదట ఎవరన్నారో ఎవరికీ తెలీదు. అందరం నమ్మాం. నేనూ నమ్మాను.

వాట్సాప్ గ్రూపులో కొత్త ప్రెసిడెంటు ఒక నియమం పెట్టాడు. రాత్రిపూట ఎవరు తాళం మాటెత్తినా పలకొద్దు, కిటికీ మూసెయ్యండి. దొంగకీ అదే మందు, దెయ్యానికీ అదే మందు.

ఇక నా కూతురి సంగతి. చాలావరకు అది చెప్పిందే. ఒక్కసారిగా చెప్పలేదు. ముక్కలు ముక్కలుగా చెప్పింది.

నా పేరు కోగీ. ఆస్పత్రి లాండ్రీలో రాత్రి పని, సాయంత్రం ఆరు నుంచి పొద్దున్న ఆరు దాకా. మా ఆయన లారీ మీద జోహన్నెస్‌బర్గ్ వెళ్తే వారానికొకసారి వస్తాడు. ఇంట్లో త్రినిషా ఉంటుంది, పదిహేనేళ్ళు. పక్షవాతంతో మంచం పట్టిన మా అత్తగారు ఉంటుంది. త్రినిషాకి అవ్వ. మాట పడిపోయింది, కుడి చెయ్యి ఒక్కటే కదులుతుంది.

పోయిన జూలైలో ముప్పై ఒకటో నంబరులో గేలం వేసి తాళాలు లాగారు. కారు పోయింది. మా గేటుకి రెండు తాళం చెవులుంటే ఒకటి ఆ వారమే విరిగింది. శనివారం ఇంకోటి చేయిద్దామనుకున్నాను. ఉన్న ఒక్కటీ ఇంట్లో వదిలి వెళ్ళడానికి ధైర్యం చాలలేదు.

బయట నుంచి గేటుకి తాళం వేసి, చెవి నా సంచిలో వేసుకున్నాను.

"నేనేమన్నా కోడినా, గూట్లో పెట్టి మూసెయ్యడానికి?" అంది త్రినిషా గేటు వెనక నుంచి.

"కోడైతే ఇంత వాగదు. అవ్వకి తొమ్మిదింటికి మందు. ఎవరొచ్చినా పలకొద్దు."

"దొంగొస్తే?"

"లోపలికి రాలేడు."

"మేం బయటికి రావాలంటే?"

"ఎందుకు రావాలి?" అన్నాను.

అదే మాట అన్నాను. ఇప్పటికీ చెవుల్లో వినబడుతుంది.

మూడు రాత్రులు ఏమీ కాలేదు. నాలుగోది గురువారం. ఎనిమిదింటికి కరెంటు పోయింది. పదింటి దాకా రాదని అందరికీ తెలుసు. అవ్వ మంచం పక్కన హీటరు ఉంది. కరెంటు లేదు కాబట్టి అది చల్లగా, నల్లగా ఉంది. మందు ఇవ్వడానికి అడ్డంగా ఉందని త్రినిషా దాన్ని కాలితో పక్కకి తోసింది. చీకట్లో అది కిటికీ తెర మీదికి పోయింది. మీట కట్టెయ్యడం తోచలేదు. నాకైనా తోచేది కాదేమో.

తొమ్మిది దాటింది. మందు వేసి, అవ్వ పక్కనే దుప్పటి కప్పుకుని పడుకుంది.

టక్.

వంటింటి కిటికీ.

టక్... టక్...

ఇనుము మీద ఇనుము. తొందర లేదు. ఒక్కో కమ్మీ మీద ఒక్కో దెబ్బ.

"తాళం ఎక్కడమ్మా?"

త్రినిషా లేచి కూర్చుంది. పారిపోదామంటే గేటు ఉంది. గేటుకి తాళం ఉంది. తాళం చెవి లేదు... ఇల్లు మొత్తం మీద దాక్కోడానికి దుప్పటి ఒక్కటే ఉంది.

అడుగుల చప్పుడు లేదు. చప్పుడల్లా కమ్ముల మీదే. వంటింటి నుంచి స్నానాలగదికి... అక్కణ్ణుంచి ముందు గదికి... ఇంటి చుట్టూ తిరిగి వస్తోంది. ఆఖరికి అవ్వ తల దగ్గర కిటికీ. తెర అవతల. మూరెడు దూరం.

"తాళం ఎక్కడమ్మా?"

బెదిరింపు లేదట ఆ గొంతులో. బాగా నడిచి అలిసిపోయిన మనిషి గొంతట.

అవ్వ కుడి చెయ్యి కదిలింది. త్రినిషా మణికట్టు పట్టుకుంది. "సు... సు..." అంటోంది. రెండేళ్ళుగా ఒక్క అక్షరం పలకని మనిషి. పిల్ల చేతిని కిటికీ వైపు లాగుతోంది... చెప్పు, చెప్పు అన్నట్టు.

"అవ్వా, వద్దు. అమ్మ పలకొద్దంది," అని గుసగుసగా అంది పిల్ల.

కిటికీ మీద మళ్ళీ టక్. తర్వాత —

"నాది బియ్యం డబ్బాలో పెట్టానమ్మా. పొగలో గుర్తు రాలేదు... నీదెక్కడ?"

త్రినిషాకి ఏడుపొచ్చింది. ఎందుకు చెప్పిందో దానికీ తెలీదు.

"అమ్మ దగ్గరుంది. పని దగ్గర," అంది.

ఇంకే చప్పుడూ రాలేదు.

పదింటికి కరెంటొచ్చింది.

కరెంటొస్తే మా వీధిలో కేకలు వేస్తారు. పెద్దా చిన్నా తేడా లేదు, ప్రతి ఇంట్లోంచీ "వచ్చిందీ!" అని అరుపు. ఆ అరుపుల్లో హీటరు ఎర్రబడింది. తెర అంటుకుంది. పిల్ల చూసేసరికి మంట పైకప్పుని నాకుతోంది. ప్లగ్గు ఆ మంట వెనకే ఉంది.

అవ్వని పరుపుతో సహా కిందికి లాగింది. ముందు గదిలోకి ఈడ్చింది. ఫోను మంటల గదిలోనే ఉండిపోయింది. అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో. గేటు పట్టుకుని ఊపింది. కిటికీ కమ్ములు పట్టుకుని ఊపింది. పొగకి గొంతు బొంగురుపోయింది. ఆ గొంతుతోనే అరిచింది —

"తాళం! తాళం కావాలి! ఎవరన్నా తాళం తియ్యండి!"

వీధి వీధంతా విన్నారు.

విని, కిటికీలు మూసుకున్నారు.

ఒకటి తర్వాత ఒకటి. ఎదురింటిది. ఆ పక్కది. ఒకే గోడకి అటొకటి ఇటొకటిగా ఉండే ఇళ్ళు మావి. వాసీ ఆంటీ కిటికీ కొంచెం తెరుచుకుని, ఆగి, మూసుకుందట. ఆ తర్వాత గోడ అవతల టీవీ సౌండు పెరిగిందట.

నేనప్పుడు కొండెక్కుతున్నాను. పనిలో ఉండాల్సిన వేళ. ఎందుకు లేనో చెబుతాను.

రొట్టెల బండివాడు నన్ను మలుపు దగ్గర దించాడు. యాభై ఎనిమిది ముందు నుంచే పరిగెత్తాను. నా ముందు దీపాలు వెలిగాయి, కేకలు విన్నాను. ఆ కేకల మీదుగా నా పిల్ల గొంతు... మూసుకుంటున్న కిటికీలు. మా ఇంటి కిటికీ ఒక్కటే ఎర్రగా ఉంది.

తాళం చెవి రెండుసార్లు జారింది. మూడోసారి తిరిగింది.

పరుపు చెరో కొసా పట్టుకుని అవ్వని బయటికి లాగాం. అప్పుడు నేనొక్క అరుపు అరిచాను. ఏమన్నానో గుర్తులేదు. దానికి తలుపులు తెరుచుకున్నాయి. బకెట్లు, పైపులు, అందరూ వచ్చారు. వెనక గది పోయింది. త్రినిషా జుట్టు ఒక పక్క కాలింది. అవ్వ బతికింది.

తెల్లారాక వాసీ ఆంటీ టిన్ను చేపల పులుసు పట్టుకొచ్చింది. గిన్నె కింద పెట్టకుండా నిలబడింది.

"పిల్ల గొంతు గుర్తుపట్టాను కోగీ. అబద్ధమెందుకు, పట్టాను. తెలిసిన గొంతుతోనే పిలుస్తుందని అన్నారు కదా... కిటికీ మూసేశాను."

"గోడకి అవతలే ఉన్నావు ఆంటీ," అన్నాను.

ఆమె మూసింది కిటికీ. గేటు మూసింది నేను.

ఆ వేళప్పుడు ఇంటికెందుకొచ్చావని అందరూ అడిగారు. తలనొప్పని చెప్పాను. త్రినిషా అడిగితే అదే చెప్పాను.

జరిగింది ఇది. తొమ్మిదిన్నరప్పుడు దుప్పట్లు మడుస్తున్నాను. బల్లకి ఆ చివర నాతో పనిచేసే నొంబుసో ఉంది, మేమిద్దరమే. నా వెనక దుప్పట్ల బండి ఇనప కడ్డీ మీద — టక్.

యంత్రాల మోతలో కూడా విన్నాను.

"కోగీ, తాళం నీ దగ్గరుందని పిల్ల చెప్పింది."

తిరిగి చూశాను. ఆరేసిన దుప్పట్లు తప్ప ఎవరూ లేరు. స్వెట్టరు కూడా తీసుకోలేదు. సంచి పట్టుకుని పరిగెత్తాను.

భయంలో నా బుర్రలో నేనే విన్నాననుకున్నాను. పిల్లని లోపల పెట్టి తాళం వేసి వచ్చిన తల్లికి ఏమన్నా వినబడుతుంది. నాలుగు రోజులు అలాగే అనుకుని అన్నం తిన్నాను, నిద్ర పోయాను.

సోమవారం పనికెళ్ళాను. నొంబుసో దుప్పటి రెండో కొస పట్టుకుని అడిగింది.

"నీకు కడుపునొప్పని సూపర్‌వైజర్‌కి చెప్పానులే, నీ జీతం కొయ్యరు. అది సరే గానీ, ఆ రాత్రి నిన్ను పిలవడానికొచ్చిన పెద్దాయనెవరు? మీ మామగారా?"

నా చేతిలో దుప్పటి ఆగిపోయింది.

"ఆ చేతులేంటి కోగీ, రెండూ అలా కాలిపోయి ఉన్నాయి? ఇంత పెద్ద ఆస్పత్రికి వచ్చి కట్టు కట్టించుకోకుండా పోతాడా ఎవరన్నా? కిందకి తీసుకెళ్తా ఉండు తాతా అని పిలిచాను..."

ఆమె దుప్పటి మడత సర్దుకుంది.

"ఆగలేదు. నీ వెనకే పరిగెత్తాడు."