పేరంటంలో పంచిన క్రీమ్

విశాఖ రేవులో పట్టుబడ్డ శత్రుముఠా కొరియర్ నోరు విప్పేసరికి తెల్లారింది. వెంటనే హైదరాబాద్ నుంచి చీఫ్ ఫోన్ చేశాడు.

"మణిశంకర్, రాజమండ్రి బయల్దేరు. ఫ్యూయల్ సెల్ ఫ్యాక్టరీ. ఆ ముఠా ఆయుధం ఏంటో తెలుసా? చేతులకి రాసుకునే క్రీమ్."

"క్రీమా సార్?"

"అందులో సిలికాన్ ఉంది. సెల్‌లో ఉండే పల్చటి మెంబ్రేన్ మీద ఆ జిడ్డు పడితే పొరలు సరిగ్గా అతుక్కోవు. టెస్టుల్లో బయటపడదు. సముద్రం అడుగున, ఆ సెల్స్‌తో నడిచే సబ్‌మెరైన్‌లో పొరలు విడిపోయి హైడ్రోజన్ లీకవుతుంది. లోపల మనవాళ్లు నలభై మంది. ఫ్యాక్టరీ ఆడవాళ్లకి పేరంటంలో ఆ క్రీమ్ పంచింది మధులత."

మణిశంకర్ పళ్లు కొరికాడు. మధులతని క్వాలిటీ కన్సల్టెంట్ వేషంలో అక్కడ పెట్టింది తమ డిపార్ట్‌మెంటే. షిఫాన్ చీర, నల్లకళ్లద్దాలు, రెండు దేశాల జీతం. ఆవిడ ఇంగ్లీషు విని మురిసిపోయిన ఢిల్లీ పెద్దల్ని తలుచుకుంటేనే అతనికి ఒళ్లు మండింది. ఫ్యాక్టరీకి ఫోన్ చేసి చెబుదామా అంటే, అక్కడి మేనేజరు జగన్నాథరావు ఆ కబురు ముందు మధులతకే మోస్తాడు. అంతటి మహానుభావుడు.

జీపు తుని దాటింది. పదకొండింటికి ఫ్యాక్టరీలో నేవీవాళ్ల ముందు కొత్త లైన్ స్టార్టు. పది నిమిషాల ముందు ఏసీ మెకానిక్ వేషంలో, భుజాన టూల్‌బ్యాగుతో లోపలికి దూరాడు.

అద్దాలగదిలో రోబో చెయ్యి సిద్ధంగా ఉంది. మెంబ్రేన్‌కి రెండువైపులా కార్బన్ పేపరు పేర్చడం, కెమెరాతో అంచులు సరిచూడడం, వేడిగా నొక్కడం, అన్నీ యంత్రమే చేస్తుంది. కొత్త రోలు కొస అందించడం మాత్రం మనిషి పని. ఆ పని ఆడవాళ్లది. క్రీమ్ రాసిన చేత్తో గ్లవ్స్ తొడిగినా జిడ్డు అంటినట్టే.

ఆపరేటర్ వెంకటదుర్గని గుమ్మం దగ్గరే ఆపాడు.

"అమ్మా, మధులత మేడమ్ పేరంటంలో క్రీమ్ డబ్బాలిచ్చారా?"

"ఇచ్చారండి. పసుపూ కుంకుమా, జాకెట్టుముక్కా, ఫారిన్ క్రీమూ."

"రాసుకున్నారా?"

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. "అంత మంచి డబ్బా ఎవరైనా మూత తీసేస్తారేంటండి? నేను నిడదవోలులో మా ఆడపడుచుకి పెట్టాను. మాతో పనిచేసే రత్నమాణిక్యం వాళ్ల వియ్యపురాలికి పెట్టింది. ఇక్కడ ఒక్కరు వాడుంటే ఒట్టు."

మణిశంకర్‌కి నవ్వాగలేదు. ఆ ముఠా యంత్రాన్ని ఒక్కో మరా విప్పి చదివింది. శ్రావణమాసంలో చేతికొచ్చిన కొత్త వస్తువు ప్యాకింగ్‌తో సహా ఇంకో గడప తొక్కుతుందని చెప్పే దిక్కు మాత్రం దొరకలేదు. ఛీ, వీళ్లా గూఢచారులు.

"మగవాళ్లెవరికైనా ఇచ్చారా?"

"మేనేజరుగారు అడిగి మరీ పుచ్చుకున్నారండి. పొద్దస్తమానం రాసుకుంటారు, గదంతా అదే వాసన."

మణిశంకర్ నవ్వు చచ్చిపోయింది. అద్దంలోంచి చూస్తే, నేవీ అధికారుల ముందు, వీడియో కెమెరా ముందు, జగన్నాథరావు రోలు దగ్గర నిలబడ్డాడు. నవరత్నాల ఉంగరం ఫోటోలో పడాలిగా, గ్లవ్స్ తొడుక్కోలేదు.

"ప్లీజ్ సర్, మీ చేతుల మీదుగానే," అంటోంది మధులత.

మణిశంకర్ తలుపు తోసుకుని ఒక్క దూకు దూకాడు. మెంబ్రేన్‌కి బెత్తెడు దూరంలో ఆ మెత్తటి చెయ్యి అతని పిడికిట్లో చిక్కింది.

"ఏసీ బాగుచేసేవాడివి, నన్ను ముట్టుకుంటావా?" అని అరిచాడు జగన్నాథరావు.

మధులత హ్యాండ్‌బ్యాగులోంచి లిప్‌స్టిక్ తీసింది. దాని కొసన విషపు సూది ఉంటుందని డిపార్ట్‌మెంట్‌లో అందరికీ తెలుసు, ఇచ్చింది వాళ్లే మరి. మణిశంకర్ ఆమె మణికట్టు మెలిపెట్టి లాక్కున్నాడు.

"ఎవరు చెప్పేశారు?" అంది ఆమె పళ్లబిగువున.

"మీ కొరియరే. అయినా నీ క్రీమ్ ఎవరూ వాడనే లేదు, ఈ పెద్దమనిషి తప్ప."

సాయంత్రం మళ్లీ చీఫ్ ఫోన్.

"డబ్బాలన్నీ స్వాధీనం చేసుకో. కోర్టుకి కావాలి."

"కష్టం సార్. జంగారెడ్డిగూడెం కూడా దాటిపోయాయి. ఎవరింట్లో ఉందో అడిగితే ఇంకొకరి పేరు చెబుతున్నారు."

చీఫ్ గొంతు సవరించుకున్నాడు. "మొన్న మా ఇంటికీ కాకినాడ చుట్టాలు ఏదో క్రీమ్ తెచ్చారు. ఉండు, కనుక్కుంటాను."

లైన్లో కాసేపు గొణుగుళ్లు వినిపించాయి.

"మా డైరెక్టరుగారి భార్యకి పెట్టేసిందటయ్యా మా ఆవిడ."