కోట్ల కొట్టులో రెండో గది

మా చుట్టాల్లో ఎవరు మా ఊరు లియోన్ వస్తున్నా ముందు నాకే ఫోన్ చేసేవారు. ఎక్కడ దిగాలి, ఏం చూడాలి అని కాదు. ఏది ఎక్కడ కొనాలి అని. ఆ విషయంలో నాకు పేరుంది. రిపబ్లిక్ వీధిలో కాళ్ళరిగేలా తిరగొద్దు, అక్కడ దొరికేవన్నీ మీ ఊళ్ళోనూ దొరుకుతాయి అని చెప్పేదాన్ని. పట్టు కావాలంటే క్రువా రూస్ గుట్ట ఎక్కండి. జున్ను, సాసేజీ రోన్ నది అవతల అంగట్లో కొనండి, కానీ పొద్దున్నే వెళ్ళండి. పాత పుస్తకాలైతే సోన్ నది గట్టున. చెప్పులు మాత్రం నన్నడక్కుండా కొనొద్దు. "నువ్వు పోయాక కూడా జనం నీ సమాధి దగ్గరికొచ్చి కొట్లకి దారి అడుగుతారే" అనేవాడు మా ఆయన రెజీస్.

ఆయనే ముందు పోయాడు. మార్చి నెలలో, మా మేడ మెట్లమీద, చేతిలో రొట్టెతో. వాళ్ళమ్మకి ఒక్కగానొక్క కొడుకు. ఒరియాక్ అవతల కొండల్లో ఉన్న సొంత ఊళ్ళోనే పూడ్చాం. మా అత్తగారి వంటింటి కిటికీలోంచి చూస్తే ఆ సమాధుల దొడ్డి గోడ కనిపిస్తుంది.

ఆ తర్వాత నాకు ఏదీ తెలియడం మానేసింది. దిగులని అందరూ అన్నారు. దిగులైతే అది దిగులని తెలిసేది. తిన్నదాంట్లో ఉప్పుందో లేదో తెలిసేది కాదు. ఒకరోజు వేడి పెనం మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాను. పొగ లేచాక చూసుకున్నాను. మునిసిపల్ ఈతకొలనులో పిల్లలకి ఈత నేర్పడం నా ఉద్యోగం. నీళ్ళు చల్లగా ఉన్నాయో లేదో పిల్లల్ని అడిగి తెలుసుకునేదాన్ని.

నవంబరులో ఒక శనివారం మా ఆడపడుచు గిస్లేన్ ఒరియాక్ నుంచి వచ్చింది. ఏటా చలికాలం ముందు వచ్చి బట్టలు కొనుక్కుపోవడం ఆమెకి అలవాటు. రైలు దిగీ దిగగానే నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"ఏంటి వదినా ఈ నల్ల కోటు? చర్చిలో గంట కొట్టేవాడి దగ్గర అరువు తెచ్చావా?"

"బాగానే ఉందిగా."

"వాడికి బాగుంటుంది. నీకు కాదు. ఇవాళ నీ ఒంటిమీద ఒక రంగు వేయించకుండా నేను రైలెక్కను."

పొద్దంతా తిరిగాం. ఆమె కూతురికి చెప్పులు కొంది, తనకి పట్టు రుమాళ్ళు కొంది. మధ్యాహ్నం గుట్టమీద మేం ఎప్పుడూ తినే చిన్న హోటల్లో కూర్చుని, వెన్నలో ఉడుకుతున్న చేప ముద్దలు తెప్పించుకున్నాం. అవి రెజీస్‌కి ఇష్టం. ఆమె రెండు ముద్దలు తిని చెంచా కింద పెట్టేసింది. కళ్ళు తుడుచుకుంది. నేను పళ్ళెం ఖాళీ చేశాను.

"అమ్మకి ప్రతి ఆదివారం ఫోన్ చేస్తున్నావటగా. మంచిపని" అంది కాసేపటికి.

"ఎలా ఉంది?"

"అమ్మకేం? ఎనభై నాలుగొచ్చాయి. ఒక్కతే ఉంటుంది. పేకాటలో చర్చి ఫాదర్ని ఓడించి ఆయన చేత కట్టెలు కొట్టిస్తోంది."

నవ్వాలని తెలిసి నవ్వాను.

మేం బయటికొచ్చేసరికి మంచు దిగింది. నవంబరులో ఇక్కడ రెండు నదుల మంచూ పైకి లేచి గుట్టని పట్టుకుంటుంది. నాలుగున్నరకే దీపాలు వేశారు. ఆ వెలుగు స్తంభం దాటి కిందికి రావడం లేదు. గోడలు తడిగా ఉన్నాయి. ఎక్కడో బొగ్గులు కాలుతున్న పొగ. మనుషులు దగ్గరికొచ్చేదాకా కనపడటం లేదు, దాటిపోయాక అడుగుల చప్పుడు కూడా వినపడటం లేదు.

గుట్ట సగం దిగాక ఒక ఇంటి కింద సొరంగంలాంటి దారి ఉంది. అది దాటితే ఒక వాకిలి, ఆ వాకిట్లో మదాం షవాస్యూ కొట్టు. పాత కోట్లు అమ్ముతుంది. మంచి ఇళ్ళవాళ్ళ కోట్లు, ఒకటికి రెండుసార్లు కూడా తొడగనివి. ఎంతమందిని తీసుకెళ్ళానో అక్కడికి. తలుపు తియ్యగానే ఉన్ని, కలరా ఉండలు, నేలకి రాసిన మైనం కలిసిన వాసన వస్తుంది. వస్తుందని నాకు గుర్తుంది.

"రా ఓదిల్" అంది మదాం షవాస్యూ. మా ఆయన సంగతి ఆమెకి తెలుసు. చెయ్యి పట్టుకుని కొంచెంసేపు వదల్లేదు.

గిస్లేనే వెతికింది. దానిమ్మ గింజ రంగు కోటు, లోపల పట్టు అస్తరు. నా చేతిలో పెట్టి వెనక్కి తోసింది.

"వెళ్ళి తొడుక్కో. నేనిక్కడ టోపీలు చూస్తుంటా. బయటికొచ్చి చూపించాలి, తెలిసిందా?"

కొట్టు చివర, కోట్ల వరసలు దాటాక, ట్రయల్ రూములు రెండున్నాయి. ఒకదానికి గోధుమరంగు తెర, రెండోదానికి ఆకుపచ్చ తెర. నేను మొదటిదాంట్లోకి వెళ్ళి తెర లాక్కున్నాను. ఒక బల్బు, ఒక అద్దం, ఒక మేకు. రెండు గదులకీ మధ్య చెక్క గోడ. ఆ గోడ కింద జానెడు ఖాళీ.

కోట్ల మధ్య ఉన్నందుకేమో, అక్కడ చప్పుడే లేదు. అద్దంలో నన్ను చూసుకున్నాను. ఎవరో అనిపించలేదు. నేనే అని కూడా అనిపించలేదు.

పక్క గది తెర కదిలింది. ఎవరో లోపలికొచ్చి నిలబడ్డారు.

"వదినా" అని మెల్లగా వినిపించింది. "ఆ మఫ్లరు ఇలా ఇవ్వు. నేను పట్టుకుంటా."

టోపీలు వదిలేసి గిస్లేన్ వచ్చిందనుకున్నాను. మఫ్లరు తీసి గోడ కింది నుంచి అందించాను. వేళ్ళు వచ్చి తీసుకున్నాయి.

"చేతి తొడుగులు కూడా."

ఇచ్చాను.

"ఆ ఉంగరం పట్టు అస్తరుకి తగులుకుంటుంది. తీసెయ్ వదినా."

నిజమే కదా అనుకున్నాను. పెళ్ళినాటి ఉంగరం. ముప్ఫై ఏళ్ళలో సబ్బు రాసినా కదలనిది. ఆ రోజు ఇట్టే జారి వచ్చింది. వంగి, తెరిచిన ఆ అరచేతిలో పెట్టాను. చెయ్యి మూసుకుని వెనక్కి పోయింది.

కోటు చేతుల్లోకి చేతులు దూరుస్తున్నాను.

"ఇంటి దగ్గర నీకోసం ఎవరున్నారు వదినా?"

"అదేం ప్రశ్న? ఎవరూ లేరుగా."

"ఎవరూ ఎదురుచూడరా?"

"మీ అమ్మ తప్ప ఎవరు చూస్తారు? ఆవిడకీ ఆదివారం ఫోనే."

తర్వాత, ఎవరో లెక్క తేల్చుకున్నట్టు, తృప్తిగా...

"అమ్మ చాలు."

అప్పుడు కొట్టు ముందువైపు నుంచి నవ్వు వినిపించింది. గిస్లేన్ నవ్వు. "ఇది పెట్టుకుని వెళ్తే మా ఆయన నన్ను తీసుకెళ్ళి చేలో నిలబెడతాడు, దిష్టిబొమ్మలా" అంటోంది మదాం షవాస్యూతో. ఆ గొంతుకీ నాకూ మధ్య కొట్టంతా ఉంది.

నేను కదల్లేదు.

భయపడాలని తెలుసు. మంచులో ఎదుటి మనిషి తెలిసినట్టు తెలుసు... ఉన్నాడని, కానీ ముఖం లేదని. కిందికి చూశాను. గోడ కింది నుంచి ఆ చెయ్యి మళ్ళీ వచ్చింది. నా తొడుగు తొడుక్కుని ఉంది. అరచెయ్యి పైకి పెట్టి ఎదురుచూస్తోంది.

"నీకేమీ తెలియడం లేదుగా" అంది గొంతు. ఇప్పుడు అది గిస్లేన్‌ది కాదు. ఎవరిదీ కాదు. "మిగతాది నీకెందుకు?"

"ఎవరు నువ్వు?" అన్నాను. నా గొంతు నాకే దూరంగా ఉంది.

"ఇలా ఇచ్చెయ్... బరువుగా ఉందిగా... ఇచ్చెయ్."

నేను వంగాను.

ఎందుకు వంగానో ఇప్పటికీ చెప్పలేను. ఎవరూ నన్ను తొయ్యలేదు. చెయ్యి చాపాను. అది నా మణికట్టు పట్టుకుంది.

చలి.

ఎముకలోకి దిగే చలి. మార్చి తర్వాత నాకు తెలిసిన మొదటి సంగతి అదే. చేతిలోంచి భుజంలోకి, భుజంలోంచి గుండెలోకి ఎక్కింది. నొప్పిగా ఉంది. విడిపించుకోవాలనిపించలేదు. ఇంకొంచెంసేపు... ఇంకొంచెం... అనిపించింది. మోకాళ్ళమీద కూర్చున్నాను. నా చెయ్యి మోచేతిదాకా గోడ కిందికి పోయింది. తర్వాత భుజందాకా. నా చెంప నేలకి ఆనింది. అవతల చీకటి. ఆ చీకట్లో నా ముఖానికి ఎదురుగా, అంతే దగ్గరగా, నేలకి చెంప ఆనించి ఇంకెవరో పడుకుని ఉన్నారు...

తెర సర్రున తెరుచుకుంది.

"వదినా, ఏంటిది? లే. లే ముందు." గిస్లేన్ నా నడుం పట్టుకుని వెనక్కి లాగింది. ఏదో తెగినట్టయింది. ఇద్దరం వెల్లకిలా కోట్లమీద పడ్డాం.

"ఎవరితో మాట్లాడుతున్నావు?" అంది. ఆమె పెదాలు తెల్లబడ్డాయి.

"నీతోననుకున్నాను."

"నేనక్కడ ఉన్నాను కదే." వదినని కదా, ఆమె నన్ను ఎప్పుడూ 'ఏమే, కదే' అని పిలవలేదు. ఆ రోజే పిలిచింది.

మదాం షవాస్యూ వచ్చి ఆకుపచ్చ తెర పక్కకి తీసింది. ఆ గదిలో మనిషి పట్టే చోటు లేదు. నేలనుంచి కప్పుదాకా అట్టపెట్టెలు, గుడ్డ సంచుల్లో కట్టిపెట్టిన కోట్లు. వేసవి నుంచి ఎవరూ ముట్టనట్టు వాటిమీద దుమ్ము.

"మఫ్లరు ఇచ్చాను" అన్నాను. "తొడుగులు ఇచ్చాను. ఉంగరం ఇచ్చాను."

"ఎటునుంచి ఇచ్చావమ్మా?"

చూపించబోయాను. చెక్క గోడ నేలదాకా ఉంది. వేలు కాదు కదా, కాగితం కూడా దూరే సందు లేదు.

అయినా ఆవిడ పెట్టెలన్నీ బయటికి లాగించింది. టార్చి పట్టుకుని మోకాళ్ళమీద వెతికింది. గిస్లేన్ ప్రతి కోటు జేబూ తడిమింది. ఏమీ దొరకలేదు. వాళ్ళిద్దరూ నా తలమీదుగా ఒకరినొకరు చూసుకున్నారు. పాపం, మొగుడు పోయిన మనిషి అన్నట్టు. నేను నా వేలు చూసుకుంటున్నాను. ముప్ఫై ఏళ్ళు ఉంగరం ఉన్నచోట తెల్లటి గాడి ఉండేది. అది లేదు. మిగతా వేళ్ళలాగే ఉంది. మణికట్టులోని చలి కూడా అప్పటికే పోయింది. మళ్ళీ ఏమీ తెలియడం లేదు.

ఆ రాత్రి గిస్లేన్ నా మంచంమీదే, నా పక్కనే పడుకుంది. దీపం తియ్యనివ్వలేదు. పొద్దున లేచి మామూలు మాటలు మాట్లాడింది. డాక్టరుకి చూపించుకో అంది. నిద్ర చాలడం లేదు నీకు అంది. మధ్యాహ్నం పార్ దియో స్టేషన్లో రైలెక్కించాను. తలుపు దగ్గర నన్ను కౌగిలించుకుని, "నాతో వచ్చెయ్యి, నాలుగు రోజులుండి పోదువుగాని" అని గుసగుసగా అంది. రేపు పిల్లలకి ఈత క్లాసుంది అన్నాను.

ఇంటికొచ్చి, సాయంత్రం ఏడింటికి, ప్రతి ఆదివారంలాగే మా అత్తగారికి ఫోన్ చేశాను. చాలాసేపు మోగింది.

"అత్తయ్యా, నేను."

"నేనంటే ఎవరు?"

"ఓదిల్‌ని."

అవతల ఊపిరి వినిపించింది. ఆవిడ గొంతులో తడబాటు లేదు. పేక ముక్కలు పంచుతున్నప్పుడు ఉండే గొంతే.

"ఎవరమ్మా నువ్వు? ఓదిల్ ఇక్కడుంటే."

ఫోను చెవికి గట్టిగా ఆనించుకున్నాను.

"నిన్న ఆరింటికి, నేను పాలు కాస్తుంటే తలుపు కొట్టింది" అంది. ఆ టైముకి మేమింకా కొట్లో కోట్ల జేబులు వెతుకుతున్నాం. "మంచులో ఊరి బయటనుంచీ నడిచొచ్చింది, పిచ్చిపిల్ల. ఆకలిమీద ఉంది. క్యాబేజీ సూపు రెండు గిన్నెలు తాగింది. ఉప్పు సరిగ్గా పడిందత్తయ్యా అంది. ఎన్నాళ్ళయిందో ఈ ఇంట్లో ఒకరు అలా తిని."

"అత్తయ్యా, వినండి. ఆమెని ఇంట్లో..."

"మెల్లగా మాట్లాడు. ఇప్పుడే పడుకున్నారు."

"పడుకున్నారా? ఎవరెవరు?"

ఆ ఇంటి మెట్లు చెక్కవి. పైమెట్టు కిర్రుమంది. తర్వాత కిందిది. బరువైన అడుగు, ముప్ఫై ఏళ్ళుగా నాకు తెలిసిన అడుగు. మా అత్తగారు ఫోనుకి అరచెయ్యి అడ్డం పెట్టింది. అయినా వినిపించింది నాకు.

"ఏం లేదు నాన్నా. ఎవరో రాంగ్ నంబరు. నువ్వెళ్ళి పడుకో."