వారానికి సరిపడే చల్లదనం

"మీ పెరుగన్నం పులిసిపోయుండాది," అన్నాడు బాబావలి, క్యారియర్ తెచ్చి అరుగు మీద పెట్టి.

"మా గుమ్మం దాటేటప్పుడు తియ్యగానే ఉండాది," అంది ఆరిఫా. "దావలో ఏం చేసినావో నువ్వు చెప్పల్ల."

"నేనేం చేస్తా? జీపు తోలినా."

"అదే, ఎట్ల తోలినావో చూపియ్యి."

హిందూపురం నుంచి వచ్చే ఆ జీపు పెనుకొండలో వాళ్ళ వీధికి కొత్త. ధర్మవరం అవతల కొండల మీద గాలిమరలు బాగుచేసే మనుషులను ఎక్కించుకుపోయి, సాయంత్రం దించడం బాబావలి పని. మామూలు బండి ఎక్కలేని రాళ్ళ దారి అది. పైన అంగడి లేదు, నిలబడేందుకు నీడ లేదు. అందుకే పోతూ పోతూ మైమూనమ్మ ఇంట్లో పెరుగన్నం, మజ్జిగ కట్టించుకుంటాడు. మైమూనమ్మ వండుతుంది, కూతురు ఆరిఫా డబ్బాలకు ఎత్తుతుంది.

ఆరిఫా జీపు వెనక తలుపు తీసింది. థర్మాకోల్ పెట్టె, అందులో ఐసు కరిగిన నీళ్ళు. పెట్టె కింద ఇనుప రేకు. చెయ్యి పెట్టి చటుక్కున తీసుకుంది.

"దీని కింద ఏముండాది?"

"సైలెన్సరు."

"అంటే పొయ్యి మీద పెట్టుకుని పోతాండావు. మళ్ళా పులిసిందని మా మీదికి రావడం."

బాబావలి పెట్టె వైపు చూశాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు. "మీరు అన్నం వేడిమీద కలపలేదా? నిన్న డబ్బా పట్టుకుంటే చెయ్యి కాలింది నాకు."

లోపలినుంచి మైమూనమ్మ నవ్వు వినిపించింది.

మరునాటి నుంచి అన్నం వెడల్పు పళ్ళెంలో ఆరబెట్టి, చల్లారాకనే పెరుగు కలపసాగింది ఆరిఫా. అతను పెట్టె కింద చెక్కపలక వేసి, దాని మీద తడిపిన గోనెపట్టా పరిచాడు. వచ్చిన ప్రతి పొద్దూ ఆ గోనెపట్టా మీద చెంబుతో నీళ్ళు చల్లేది ఆరిఫానే. నీళ్ళు ఎక్కువైతే అతను తిట్టేవాడు, తక్కువైతే గొణిగేవాడు.

"జీపుకు స్నానం చేయిస్తాండావా?"

"నీకన్నా దానికే అవసరం."

"రాత్రే పోసుకున్యా."

"ఏ రాత్రి?"

ఇట్లాంటి మాటలకు అర్థమేముంటుంది? కానీ ఆ ఎండాకాలం ఆరిఫా పొద్దు ఆ మాటలతోనే మొదలయింది. అతను డబ్బాలు అందుకునేటప్పుడు చూసే చూపు ఒకటి ఉండేది. దానికి ఆమె ఎప్పుడూ ఎదురు చూపు ఇవ్వలేదు. గోనెపట్టా వైపు చూసేది.

జీపు పోయేటప్పుడు మాత్రం వీధి చివరి మలుపు దాకా చూసేది. మలుపు తిరిగాక, శబ్దం వినబడకుండా పోయేదాకా అక్కడే నిలబడేది. ఆమె నాయన ఫకీర్ సాబ్ లారీ డ్రైవరు. ఒకనాడు "పోయొస్తా" అని బయలుదేరాడు. లారీ రాలేదు, కబురు వచ్చింది. అప్పటినుంచి ఆ ఇంట్లో ఆడవాళ్ళిద్దరికీ చెరొక అలవాటు అయింది. మైమూనమ్మ ఏ బండి బయలుదేరుతున్నా ముందే లోపలికి పోతుంది. ఆరిఫా ఆఖరి శబ్దం వినకుండా కదలదు. ఇద్దరిదీ ఒకటే భయం.

మే నెల మధ్యలో ఒక సోమవారం బాబావలి పండగనాటి ముఖంతో వచ్చాడు.

"చిన్నమ్మా, ఒకసారి బయటికి రా. ఆరిఫా, నువ్వూ."

జీపు వెనక థర్మాకోల్ పెట్టె లేదు. పలక లేదు, గోనెపట్టా లేదు. ఆ చోట బూడిదరంగు పెట్టె ఒకటి బోల్టులతో బిగించి ఉంది. మూత మీద చిన్న అంకెలు పచ్చగా వెలుగుతున్నాయి.

"కారు ఫ్రిజ్జు. జీపు బ్యాటరీకే తగిలించినా. ఎంత గతుకుల్లో పోయినా కదలదు. చెయ్యి పెట్టి చూడు."

ఆరిఫా చెయ్యి పెట్టింది. నిజంగానే చల్లగా ఉంది. ఏ గోనెపట్టా ఇవ్వని చల్లదనం.

"ఎవరి కోసమబ్బా ఇంత పెద్ద ఏర్పాటు?" అంది మైమూనమ్మ.

"మీ కోసమే. ఇంక మీ పెరుగన్నం పులిసిందని ఎవరూ అనరు. అంతేకాదు, వారానికి సరిపడా ఒకేసారి కట్టించుకుంటా. ఈ పొద్దు ఎక్కువ కట్టమని నిన్న చెప్పింది అందుకే. ఆరిఫాకు తెల్లారుజామున లేచే పని తప్పుతాది. ఇంక రోజూ రాను. సోమవారం సోమవారం వస్తే చాలు."

బహుమతి ఇచ్చినవాడిలాగా నిలబడి ఆమె ముఖం చూశాడు. ఆరిఫా చేతిలో చెంబు ఉంది. నీళ్ళు పోసేందుకు చోటు లేదు.

"మంచిదే," అంది. "నీకు డీజిలు మిగుల్తాది."

"డీజిలు మాట కాదు..."

"డబ్బాలు ఎత్తుకో. ఎండ ఎక్కుతాండాది."

ఆ రోజు జీపు కదలకముందే ఆమె లోపలికి వచ్చేసింది. కూతురు తన అలవాటు పట్టడం మైమూనమ్మ చూసింది. పొయ్యి మీద ఏమీ లేకపోయినా కాసేపు ఊదింది.

మంగళవారం ఆరిఫా పొద్దునే మేలుకుంది. లేచి ఏం చెయ్యాలో తెలియలేదు. అలవాటుగా అన్నం ఎక్కువ వండి, మధ్యాహ్నానికి పక్కింటి దొడ్డమ్మకు ఇచ్చేసింది. అతను ఆమె సుఖం కోరే ఆ పెట్టె కొన్నాడని తెలుసు. అది తెలిసి కూడా ఏడుపు రావడమే ఆమెకు సిగ్గుగా ఉంది. చెడిపోయే అన్నం ఉన్నంతకాలం మనిషి రోజూ వచ్చాడు. అన్నం చెడకుండా నిలిస్తే మనిషి రావలసిన పని లేదు. ఈ లెక్క ఎవరికి చెప్పుకుంటుంది?

గురువారం జీపు వచ్చింది.

"సోమవారం ఇంకా రాలేదు గదా," అంది ఆరిఫా, గుమ్మంలోనే.

"అన్నం గట్టిపడిపోయింది. మెతుకు మెతుకూ గులకరాయి. ఒకాయన పన్ను పట్టుకుని కూర్చున్నాడు. తిట్లు తింటాండా." చెబుతూ అతను ముఖంలో సంతోషం దాచుకోలేకపోయాడు. "ఫ్రిజ్జుతో పని కాదు. రోజూ రావాల్సిందేనేమో."

ఆమె గుండె ఒక్కసారి తేలికయింది. వెంటనే బరువెక్కింది. మళ్ళీ అన్నం కోసమేనా? రేపు ఇంకేదో పెట్టె వస్తుంది, అప్పుడు మళ్ళీ "ఇంక రాను" అంటాడు. అట్లా ఎన్నిసార్లు వినాలి?

"దానికేముండాది," అంది నిదానంగా. "అన్నం బాగా మెత్తగా వండి, పాలు ఎక్కువ పోసి, పెరుగు తక్కువ వేస్తా. తినేముందు డబ్బాలు తీసి కాసేపు బానెట్ మీద పెట్టు. మెత్తబడతాది."

"ఫ్రిజ్జులో పెట్టింది తీసి బానెట్ మీద పెట్టల్నా? అయితే ఫ్రిజ్జు ఏమిటికి?"

"కొన్నోడివి నువ్వు. నన్నడుగుతావే?"

"అయితే... రోజూ రానక్కరలేదంటావు."

"అన్నానికైతే అక్కరలేదు."

ఆ మాట దగ్గర ఆగింది ఆరిఫా. అతను జీపు ఎక్కాడు. ఈసారి ఆమె కదలకుండా చివరి శబ్దం దాకా విన్నది. ఇదే ఆఖరిదేమోనని.

ఆ రాత్రి ఉరుములతో మొదలైన వాన తెల్లారినా తెరిపియ్యలేదు. పెనుకొండ కోటగుట్ట మబ్బులో కలిసిపోయింది. పిడుగులు పడే పూట గాలిమరలు ఎక్కరు. కొండ మీద పని లేదు, కాబట్టి జీపు లేదు, అన్నం లేదు. ఆరిఫా చూరు కింద కూర్చుని నీళ్ళధార చూస్తూ ఉంది.

మలుపులో జీపు శబ్దం వినబడింది.

బాబావలి తడిసి ముద్దయి దిగాడు. చేతుల్లో డబ్బాలు లేవు. మైమూనమ్మ తువ్వాలు ఇస్తూ అడిగింది.

"ఈ వానలో చల్లన్నం ఎవరు తింటారబ్బా?"

"ఎవరూ తినరు. పని నిలిపేసినారు, నిన్న రాత్రే ఫోన్ వచ్చింది."

"తెలిసి కూడా హిందూపురం నుంచి ఈడికి ఏమిటికొచ్చినావు?"

అతను తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. తుడుచుకోవడం ఎంతకూ అయిపోలేదు.

"అన్నానికి రాలేదత్తా," అన్నాడు తువ్వాలులోంచి.

నిన్నటిదాకా చిన్నమ్మ. మైమూనమ్మ కాసేపు ఆ తడిసిన తలనే చూసింది. "ఆరిఫా ఒప్పుకుంటే మీ అమ్మను పంపియ్యి," అంది. "నేను టీ పెడతా." లోపలికి పోయి, తలుపు దగ్గరకు వేసింది.

చూరు కింద ఇద్దరే మిగిలారు.

"నిన్ననే అడగల్లనుకున్యా," అన్నాడు బాబావలి. "నువ్వు బానెట్ మాట చెప్పేసరికి, నన్ను రావద్దంటాండావనుకున్యా. రాత్రంతా ఉరుముతాండె, నాకు నిద్ర లేదు. పని నిలిపినారని ఫోన్ వస్తే సంతోషమైంది. ఇప్పుడు పోతే అన్నానికని అనుకోదులే అని."

ఆరిఫా చూరు నీళ్ళకు అరచెయ్యి పట్టింది. నవ్వు వస్తోంది, దాని వెనకే భయమూ వస్తోంది.

"ఒప్పుకుంటే ఏమవుతాది?" అంది. "పొద్దున లేచి కొండకు పోతావు."

"పోతా."

"మరునాడూ పోతావు. దినమూ నువ్వు పోయేది నేను చూడల్ల."

అతను నవ్వలేదు. ఫకీర్ సాబ్ సంగతి వీధిలో అందరికీ తెలుసు.

"పోకుండా ఉండలేను, అది నా పని. ఏమీ కాదని ఒట్టు పెట్టినా అది అబద్ధమైతాది," అన్నాడు. "కొండ దిగినాక సిగ్నలు వస్తాది. రోజూ ఆడ బండి ఆపి నీకు ఫోన్ చేస్తా. ఆ తర్వాతనే ఇంటి దావ పడతా. అంతే చెప్పగలను."

ఆరిఫా అరచేతిలోని నీళ్ళు వదిలేసింది. వాన సన్నబడింది.

"ఈ పొద్దు కొండ లేదు గదా," అంది చివరికి.

"లేదు."

"అయితే లోపలికి రా. టీ చల్లారిపోతాది."